వేలి నుంచి తెర దాకా: స్లైడ్ రిమోట్ ఎంపిక వెనుక విజ్ఞానం

సెమినార్ హాళ్లలో తరచూ కనబడే దృశ్యం ఇది. వక్త తెర దగ్గర నిలబడి మాట్లాడుతుంటారు. కాస్త ఎడంగా, లాప్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థి ఒకరు ఆ మాట కోసం కాచుకుని ఉంటారు. "నెక్స్ట్" అనగానే మీట నొక్కాలి. తొందరలో రెండు స్లైడ్లు ముందుకు పోతే "కాదమ్మా, ఒకటి వెనక్కి" అన్న మాట మైకులోంచి హాలంతా వినిపిస్తుంది. నలభై స్లైడ్లున్న ప్రసంగంలో ఆలోచన నలభై చోట్ల తెగుతుంది. వక్తకు పోయేది ఒక క్షణమే. వినేవాళ్లు తిరిగి ఆ వాదనలోకి రావడానికి మాత్రం అంతకన్నా ఎక్కువ సేపే పడుతుంది.

అరచేతిలో ఇమిడే వైర్‌లెస్ రిమోట్ ఈ ఇబ్బందిని తీర్చడానికే వచ్చింది. కొన్ని వందల రూపాయల నుంచి పదివేల పైచిలుకు దాకా ఇవి దొరుకుతున్నాయి. కొనేటప్పుడు చాలామంది అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని మీటర్ల దూరం పనిచేస్తుంది, లేజర్ ఏ రంగు? పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసేవి కూడా ఆ రెండే. వేలికీ తెరకీ మధ్య ఉన్న దారిని మొదటి నుంచి చివరి దాకా పరిశీలిస్తే మాత్రం వేరే సంగతి తేలుతుంది. ఆ దారిలో గాలిలో గడిచే భాగం చాలావరకు నమ్మదగినదే. పని చెడేది ఎక్కువగా రెండు కొసల్లో: చేతిలోని మీట దగ్గర, కంప్యూటర్‌కు గుచ్చిన రిసీవర్ దగ్గర. కాబట్టి డబ్బు, శ్రద్ధ పెట్టవలసింది కూడా ఆ కొసల మీదే.

ముందుగా, కంప్యూటర్ ఈ రిమోట్‌ను ఏమనుకుంటుందో తెలుసుకోవాలి. దాని దృష్టిలో అది రిమోట్ కాదు, ఒక కీబోర్డు. 1996లో వచ్చిన యూఎస్‌బీ ప్రమాణంలో కీబోర్డులు, మౌస్‌ల వంటి మనిషి చేతితో వాడే సాధనాలన్నిటికీ ఒక ఉమ్మడి భాష ఏర్పడింది. అందులో ప్రతి మీటకూ ఒక సంఖ్య ఉంటుంది. పేజ్ డౌన్ సంఖ్య 78, పేజ్ అప్ సంఖ్య 75. రిమోట్‌లో ముందుకు బాణం గుర్తున్న మీట నొక్కితే చివరికి కంప్యూటర్‌కు చేరేది చాలా రిమోట్లలో ఆ 78 అనే సంఖ్య మాత్రమే. నల్ల తెర కోసం ఉన్న మీట 'బి' అక్షరాన్నో, చుక్కనో పంపుతుంది. ప్రదర్శన మొదలుపెట్టే మీట ఎఫ్5ను, ముగించేది ఎస్కేప్‌ను పంపుతాయి.

ఈ ఏర్పాటు గొప్పతనం దాని నిరాడంబరతలో ఉంది. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఏదీ వేయనక్కర లేదు. పాత విండోస్ యంత్రమైనా, లైనక్స్ నడిచే కాలేజీ కంప్యూటరైనా కీబోర్డును గుర్తించలేకపోవడం ఉండదు. పవర్‌పాయింట్, లిబ్రే ఆఫీస్, బ్రౌజర్‌లో తెరిచిన గూగుల్ స్లైడ్స్, పీడీఎఫ్ పత్రం, ఇవన్నీ పేజ్ డౌన్‌ను అర్థం చేసుకుంటాయి. చాలా పీడీఎఫ్ రీడర్లకు మాత్రం 'బి' నొక్కితే తెర నల్లబడాలన్న సంగతి తెలియదు. బీమర్ వంటి పద్ధతుల్లో పీడీఎఫ్ స్లైడ్లు తయారుచేసే గణిత, భౌతిక శాస్త్ర అధ్యాపకులు ఈ తేడాను ముందే గుర్తుంచుకోవాలి.

కీబోర్డుగా నటించడంలో ఒక చిక్కు కూడా ఉంది. కీబోర్డు మీట ఎప్పుడూ తెర మీద చురుగ్గా ఉన్న కిటికీకే చేరుతుంది. మధ్యలో వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్ హెచ్చరిక పైకి వచ్చినా, ఆన్‌లైన్ సమావేశంలో ఎవరినో లోపలికి అనుమతించడానికి ఎవరైనా మౌస్‌తో ఒకసారి నొక్కినా, స్లైడ్ల కిటికీ తన వంతు కోల్పోతుంది. ఆ తర్వాత రిమోట్ ఎంత నొక్కినా సంకేతం చేరుతూనే ఉంటుంది, స్లైడ్ మాత్రం కదలదు. వక్త బ్యాటరీ మీద అనుమానపడతారు, చెయ్యి పైకెత్తి ఊపుతారు, చివరికి రిమోట్ పాడైందని పక్కన పెడతారు. స్లైడ్ మీద ఒక్కసారి మౌస్‌తో నొక్కితే సరిపోయేది. రిమోట్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో గణనీయమైన భాగం నిజానికి ఈ కోవలోవేనని నా అభిప్రాయం. ఎంత ఖరీదైన రిమోట్ కొన్నా ఈ చిక్కు పోదు. తెలిసి ఉండటమే దీనికి మందు.

ఇక గాలిలోని దారి. దూరం నుంచి స్లైడ్ మార్చడం కంప్యూటర్లతో మొదలైన కోరిక కాదు. 1960లలో వచ్చిన కొడాక్ కెరౌసెల్ ప్రొజెక్టర్‌కు గుండ్రని ట్రేలో 80 స్లైడ్లు అమర్చేవారు. పొడవాటి తీగ చివర ఉన్న చిన్న పెట్టెలోని మీటలతో వాటిని ముందుకు, వెనక్కి తిప్పేవారు. 2004లో కొడాక్ వాటి తయారీని ఆపేసింది. అప్పటికే స్లైడ్ అన్న పేరు ఫిల్మ్ ముక్క నుంచి కంప్యూటర్ తెరకు మారిపోయింది. 1987లో మొదట మెకింటాష్ యంత్రాలకు వచ్చిన పవర్‌పాయింట్ ఆ మార్పుకు దారి వేసింది.

తీగ తీసేయాలన్న ప్రయత్నాలు టీవీ దగ్గర ముందే మొదలయ్యాయి. 1955లో అమెరికాలోని జెనిత్ సంస్థలో యూజీన్ పోలీ రూపొందించిన 'ఫ్లాష్‌మాటిక్' రిమోట్, టీవీ నాలుగు మూలల్లో ఉన్న కాంతి గ్రాహకాల మీదికి వెలుగును విసిరేది. సూర్యకాంతి పడినా ఛానల్ మారిపోయేది. మరుసటి ఏడాది అదే సంస్థలో రాబర్ట్ ఆడ్లర్ అతిధ్వనితో పనిచేసే రిమోట్ తయారుచేశారు. తర్వాతి తరంలో పరారుణ కాంతి వచ్చింది. నేటికీ మన ఇళ్లలో టీవీ, ఏసీ రిమోట్లు చాలావరకు ఆ పరారుణ సంకేతంతోనే నడుస్తున్నాయి. ఎండ నుంచి, ట్యూబులైట్ల నుంచి సంకేతాన్ని వేరుచేసి గుర్తించడానికి ఆ కాంతిని సెకనుకు దాదాపు 38 వేల సార్లు వెలిగించి ఆర్పుతారు. ఎంత చేసినా అది కాంతే కదా. మనిషి అడ్డొస్తే ఆగిపోతుంది. గదిలో నాలుగు దిక్కులూ తిరుగుతూ, వీపు కంప్యూటర్ వైపు పెట్టి కూడా స్లైడ్ మార్చవలసిన వక్తకు అది పనికిరాదు. పాత సరుకులో పరారుణ రిమోట్లు ఎక్కడైనా కనబడితే ధర ఎంత తక్కువైనా తీసుకోవద్దు.

ఇప్పటి రిమోట్లలో అధికభాగం 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి. ఈ పౌనఃపున్య పట్టీ అందరికీ అందుబాటులో ఉండటం వెనుక చరిత్ర ఉంది. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమావేశం దీన్ని పారిశ్రామిక, శాస్త్రీయ, వైద్య అవసరాలకు కేటాయించింది. సమాచార ప్రసారానికి పనికిరాని పట్టీగా చాలాకాలం ఇది పక్కన పడి ఉంది. 1985లో అమెరికా లైసెన్సు లేకుండా సమాచార ప్రసారానికి అనుమతించాక వై-ఫై, బ్లూటూత్‌లకు ఇది పుట్టిల్లయింది. మన దేశంలో 2005లో వచ్చిన నిబంధనలు 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అవసరాన్ని తొలగించాయి. ఈ రోజు కాలేజీ హాల్లో రిమోట్ పట్టుకుని ఏ అనుమతీ అడగకుండా రేడియో ప్రసారం చేయగలుగుతున్నామంటే ఆ నిర్ణయమే కారణం.

లైసెన్సు అక్కరలేని చోట రద్దీ తప్పదు. రెండు వందల మంది కూర్చున్న హాల్లో అందరి ఫోన్లూ అక్కడే మాట్లాడుకుంటాయి. అయినా రిమోట్ సంకేతం చేరుతుంది. ఎందుకంటే అది పంపవలసింది చాలా తక్కువ. వీడియో చూడటానికి వై-ఫై సెకనుకు లక్షల బిట్లు పంపాలి; స్లైడ్ మార్చడానికి కొన్ని పదుల బైట్లు చాలు. అంత చిన్న పొట్లం సెకనులో వెయ్యోవంతు లోపలే గాలిలో నుంచి దాటిపోతుంది. ఢీకొని చెడిపోతే మళ్లీ పంపుతుంది. బ్లూటూత్ పద్ధతిలో పనిచేసేవి ఒక ఛానల్ మీద నిలవకుండా గెంతుతూ పోతాయి. 2003లో వచ్చిన మెరుగుదలతో రద్దీగా ఉన్న ఛానళ్లను గుర్తించి వాటిని తప్పించుకోవడం కూడా నేర్చుకున్నాయి.

మళ్లీ పంపడంలో ఒక సూక్ష్మం ఉంది. రిమోట్ ఒక పొట్లం పంపితే రిసీవర్ "అందింది" అని జవాబివ్వాలి. పొట్లం అందింది, జవాబు మాత్రం దారిలో పోయిందనుకుందాం. రిమోట్ అదే పొట్లాన్ని మళ్లీ పంపుతుంది. రిసీవర్ దాన్ని కొత్త ఆజ్ఞ అనుకుంటే రెండు స్లైడ్లు కదిలిపోతాయి. ఈ ప్రమాదం రాకుండా మంచి రేడియో చిప్పుల్లో ప్రతి పొట్లానికీ చిన్న క్రమసంఖ్య జోడిస్తారు. అదే సంఖ్య మళ్లీ వస్తే రిసీవర్ దాన్ని పారేసి జవాబు మాత్రం ఇస్తుంది. మనకు కనబడని ఈ జాగ్రత్త వల్లే ఒక్క నొక్కుకు ఒక్క స్లైడు కదులుతుంది.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఈ కొలత నుంచి రెండు పరిణామాలు వస్తాయి. ఒకటి, ఆ తరంగాలు గోడల నుంచి, కుర్చీల ఇనుప చట్రాల నుంచి, ఫాల్స్ సీలింగ్ నుంచి పరావర్తనం చెంది ఒకదానితో ఒకటి కలుస్తాయి. కొన్ని చోట్ల బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. రద్దయ్యే చోటు నుంచి బలపడే చోటుకు దూరం కొన్ని సెంటీమీటర్లే. రిమోట్ ఒక్క క్షణం మొరాయిస్తే చెయ్యి బారెడు పైకెత్తనక్కర లేదు, జానెడు పక్కకు జరిపితే చాలు. రెండోది, మన దేహంలో ఎక్కువ భాగం నీరే కనుక ఈ తరంగాల శక్తిని కండరం రెండు మూడు సెంటీమీటర్ల లోతులోనే చాలావరకు పీల్చేసుకుంటుంది. (నీటి అణువు సరిగ్గా ఈ పౌనఃపున్యం దగ్గర మాత్రమే స్పందిస్తుందన్న ప్రచారం నిజం కాదు. ఇంకా విశాలమైన పరిధిలో నీరు రేడియో తరంగాలను పీల్చుకుంటుంది.) వీపు తిప్పి, రిమోట్‌ను పొట్టకు ఆనించి నొక్కినప్పుడు సంకేతం బలహీనపడేది ఇందుకే. మనుషులు నిండిన హాలు ఖాళీ హాలులా ప్రవర్తించకపోవడానికీ కారణం ఇదే.

పెట్టె మీద వేసిన దూరం సంగతి ఇప్పుడు చూద్దాం. 15 మీటర్లు, 30 మీటర్లు, 100 మీటర్లు అని రాస్తారు. అవి అడ్డులేని ఆరుబయట కొలతలు. అడ్డులేని చోట దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. సామాన్యమైన తరగతి గది పొడవు పది మీటర్ల లోపే ఉంటుంది. పెద్ద సెమినార్ హాల్లో కూడా వేదిక నుంచి లాప్‌టాప్ దాకా ఇరవై మీటర్లు దాటడం అరుదు. అందువల్ల 15 మీటర్లు నిజాయితీగా పనిచేసే రిమోట్ చాలామందికి సరిపోతుంది. 100 మీటర్ల అంకె చూసి అదనంగా డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

ఆ అంకెను చిత్తుచేయగల శత్రువు కంప్యూటర్‌లోనే ఉంది. 2012లో ఇంటెల్ సంస్థ ఒక సాంకేతిక పత్రంలో దీన్ని వివరించింది. యూఎస్‌బీ 3.0 ద్వారంలో సమాచారం సెకనుకు 500 కోట్ల బిట్ల వేగంతో పోతుంటే, ఆ విద్యుత్ స్పందనల నుంచి లీకయ్యే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని కూడా కప్పేస్తుంది. పక్కన బయటి హార్డ్ డిస్క్ తగిలించి ఉన్నప్పుడు రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగినట్టు వారు చూపించారు. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్లు. శక్తి దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక, రొద వంద రెట్లు పెరిగితే రిమోట్ పనిచేసే దూరం పదో వంతుకు కుదించుకుపోతుంది. 30 మీటర్ల రిమోట్ 3 మీటర్ల రిమోట్ అయిపోతుంది. రిసీవర్ పరిస్థితి రైస్ మిల్లు పక్కన నిలబడి గుసగుస వినవలసి వచ్చిన మనిషి పరిస్థితే.

మన హాళ్లలో దీనికి తోడు మరో ఏర్పాటు ఉంటుంది. కంప్యూటర్ సీపీయూను పోడియం లోపల, తలుపు వేసిన అరలో పెడతారు. రిసీవర్‌ను దాని వెనక వైపు, గోడకు ఆనిన రంధ్రాల్లో ఎక్కడో గుచ్చుతారు. ఇనుప డబ్బా ఒక పక్క, తీగల కట్ట మరో పక్క, ఎదురుగా వక్త దేహం. అలాంటి చోట ఎంత గొప్ప రిమోటైనా తడబడుతుంది. దీనికి విరుగుడు ఒక మీటరు పొడవున్న మామూలు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ తీగ. రిసీవర్‌ను దాని కొసకు తగిలించి బల్ల మీదికి, వక్తకు ఎదురుగా కనబడేట్టు తెస్తే చాలు. అధిక దూరపు రిమోట్ కోసం పెట్టే వేల రూపాయలకన్నా ఈ తీగ ఎక్కువ మేలు చేస్తుంది. కాలేజీలు ప్రతి పోడియంలోనూ ఇలాంటి తీగ ఒకటి శాశ్వతంగా అమర్చి ఉంచాలని నేను గట్టిగా కోరుకుంటాను.

లాప్‌టాప్‌లో పెద్ద యూఎస్‌బీ రంధ్రమే లేకపోతే? కొత్త సన్నని లాప్‌టాప్‌లలో చాలావాటికి సీ రకం ద్వారాలే ఉంటున్నాయి. రెండు రకాలకూ సరిపోయే రిసీవర్ ఉన్న రిమోట్లు వస్తున్నాయి, అవి మేలు. బ్లూటూత్‌తో నేరుగా జతకలిసేవీ ఉన్నాయి. సొంత లాప్‌టాప్ మీద మాట్లాడేవారికి అవి హాయి. పరాయి ఊరి కాలేజీలో వాళ్ల కంప్యూటర్ మీద మాట్లాడవలసినప్పుడు మాత్రం జతకలపడానికి సెట్టింగుల్లోకి వెళ్లాలి, ఒక్కోసారి నిర్వాహకుడి అనుమతి కావాలి, కొన్ని డెస్క్‌టాప్‌లలో బ్లూటూత్ ఉండనే ఉండదు. ఊళ్లు తిరిగి ప్రసంగించేవారు రిసీవర్ ఉన్న రిమోట్‌నే ఎంచుకోవాలి. ఫోన్‌ను రిమోట్‌గా వాడే ఆప్‌లు ఆపద్ధర్మానికి బాగానే ఉంటాయి. కానీ నున్నటి గాజు మీద మీట ఎక్కడుందో వేలికి తెలియదు, చూసి నొక్కాలి. చూడకుండా నొక్కగలగడమే రిమోట్ ప్రాణం.

మొదటి కొసకు, అంటే మీట దగ్గరికి వద్దాం. లోపల రెండు లోహపు రేకులు తాకినప్పుడు అవి ఒక్కసారే అతుక్కోవు. కొన్ని మిల్లీ సెకన్లపాటు ఎగిరిపడుతూ, తాకుతూ విడిపోతూ ఉంటాయి. చేతికి ఒకటే నొక్కుగా తెలిసేది విద్యుత్ పరంగా అయిదారు నొక్కులు కావచ్చు. తొలి తాకిడిని లెక్కలోకి తీసుకుని, ఆ తర్వాతి అల్లరి సద్దుమణిగేదాకా ఆగేలా చిప్పులో ఏర్పాటు చేస్తారు. చవక రిమోట్లలో ఆ ఏర్పాటు అరకొరగా ఉంటుంది, లేదా మీట అరిగేకొద్దీ ఎగిరిపాటు పెరిగి ఏర్పాటుకు లొంగదు. ఆరు నెలల తర్వాత ఒక్క నొక్కుకు రెండు స్లైడ్లు దూకడం మొదలవుతుంది. కొనేముందు నలభై యాభైసార్లు వేగంగా నొక్కి, స్లైడ్ సంఖ్య సరిగ్గా అంతే పెరిగిందో లేదో చూడండి. అంతకన్నా మంచి పరీక్ష లేదు.

రెండు స్లైడ్లు దూకడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది రిమోట్ తప్పు కాదు. వేలు నొక్కాక సంకేతం రిసీవర్ చేరడం, కంప్యూటర్ దాన్ని చదవడం, తెర మీద బొమ్మ మారడం, అంతా కలిపి సెకనులో పదో వంతు లోపు ముగుస్తుంది. కానీ లాప్‌టాప్ బొమ్మను ప్రొజెక్టర్‌కు వై-ఫై ద్వారా పంపుతుంటే దాన్ని కుదించి, పంపి, విప్పడానికి అదనపు ఆలస్యం పడుతుంది. తెర వెంటనే మారకపోయేసరికి వక్త మళ్లీ నొక్కుతారు. రెండు ఆజ్ఞలూ వరుసగా అమలవుతాయి. హెచ్‌డీఎంఐ తీగ వాడే వీలుంటే దాన్నే వాడాలి.

మీటల సంఖ్య విషయంలో నా అభిప్రాయం ఖచ్చితమైనది: తక్కువే మేలు. ముందుకు, వెనక్కి, నల్ల తెర, ఈ మూడు చాలు. ముందుకు పోయే మీట తక్కిన వాటికన్నా పెద్దదిగా, బొటనవేలు సహజంగా వాలే చోట ఉండాలి. దాని మీద చిన్న గుంటో, ఉబ్బెత్తు గుర్తో ఉంటే చీకటి హాల్లో కూడా తడిమి తెలుసుకోవచ్చు. ప్రదర్శన మొదలుపెట్టే, ముగించే మీట వెనక్కి మీట పక్కనే ఉన్న నమూనాలను వదిలేయండి. వేలు తప్పి ఎస్కేప్ నొక్కుకుపోతే వక్త డెస్క్‌టాప్, అందులోని ఫైళ్ల పేర్లు అన్నీ హాలుకు దర్శనమిస్తాయి. నల్ల తెర మీటను మాత్రం చాలామంది వాడరు, అది విచారకరం. ఒక ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు తెర నల్లబరిస్తే అందరి చూపూ మనిషి ముఖం మీదికి వస్తుంది. ఉపాధ్యాయులకు ఇంతకన్నా పదునైన సాధనం రిమోట్‌లో మరొకటి లేదు.

లేజర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కంటి భద్రత కూడా ముడిపడి ఉంది. మన కన్ను అన్ని రంగులనూ ఒకేలా చూడదు. పగటి వెలుగులో 555 నానోమీటర్ల పసుపుపచ్చ ఛాయ ఉన్న ఆకుపచ్చ దగ్గర దాని సున్నితత్వం పతాకస్థాయిలో ఉంటుంది. 1924లో అంతర్జాతీయ దీపన సంఘం ప్రామాణికం చేసిన వక్రరేఖ ప్రకారం 532 నానోమీటర్ల ఆకుపచ్చకు ఆ పతాకస్థాయిలో 88 శాతం స్పందన ఉంటే, 650 నానోమీటర్ల ఎరుపుకు దాదాపు 11 శాతమే ఉంటుంది. ఒకే మిల్లీవాట్ శక్తితో ఆకుపచ్చ చుక్క ఎనిమిది రెట్లు ప్రకాశవంతంగా కనిపిస్తుందన్న మాట. ఎరుపు వర్ణాంధత ఉన్నవారికైతే ఎర్ర చుక్క ఇంకా మసకబారుతుంది. ఎరుపు లేజర్లలోనూ 635 నానోమీటర్లది 650 కంటే రెండు రెట్లు స్పష్టంగా ఉంటుంది.

అయితే చవక ఆకుపచ్చ లేజర్లలో ఒక దాగిన ప్రమాదం ఉంది. చాలా పాయింటర్లలో ఆకుపచ్చ కాంతి నేరుగా పుట్టదు. 808 నానోమీటర్ల పరారుణ కాంతి ఒక స్ఫటికాన్ని ఉత్తేజపరిచి 1064 నానోమీటర్ల పరారుణ లేజర్‌ను పుట్టిస్తుంది. మరో స్ఫటికం దాని పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మారుస్తుంది. మిగిలిపోయిన పరారుణాన్ని ఆపడానికి చివర ఒక వడపోత అద్దం ఉండాలి. ఖర్చు మిగుల్చుకోవడానికి దాన్ని వదిలేస్తే? 2010లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ శాస్త్రవేత్తలు ఒక చవక పాయింటర్‌ను పరీక్షించి, ఆకుపచ్చ వెలుగు మసకగా ఉన్నా కంటికి కనబడని పరారుణం మాత్రం నేత్రపటలానికి హాని చేయగలిగేంత ప్రబలంగా వెలువడుతోందని చూపారు. కనబడే తీవ్రమైన కాంతి పడితే కన్ను పావు సెకనులో తనంతట తాను మూసుకుంటుంది. 1 మిల్లీవాట్ లోపు ఉండే రెండో తరగతి లేజర్లను సురక్షితమని చెప్పడం ఆ రెప్పపాటు మీదే ఆధారపడింది. పరారుణానికి రెప్ప వాలదు. కాబట్టి రెండో తరగతి అన్న ముద్ర, పేరున్న తయారీదారు, ఈ రెండూ లేని ఆకుపచ్చ లేజర్‌ను పిల్లలున్న తరగతి గదిలోకి తీసుకెళ్లకూడదు. 520 నానోమీటర్ల ఆకుపచ్చను నేరుగా పుట్టించే డయోడ్లు ఇప్పుడు వస్తున్నాయి. వాటిలో ఈ సమస్య లేదు.

అసలు లేజర్ అవసరమా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ప్రొజెక్టర్ తెర గరుకైన తెల్లటి ఉపరితలం. దాని మీద పడిన కాంతి అన్ని వైపులకూ చెదురుతుంది, అందుకే హాల్లో ఎక్కడ కూర్చున్నా చుక్క కనబడుతుంది. పెద్ద టీవీల మీద, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో నాడు-నేడు పథకం కింద అమర్చిన ఇంటరాక్టివ్ ప్యానెళ్ల వంటి తెరల మీద పరిస్థితి వేరు. వాటి ముందున్న గాజు కాంతిని కొంత ఒకే దిక్కుకు తిప్పికొడుతుంది, తక్కినది లోపలి పొరలు మింగేస్తాయి. చుక్క దాదాపు కనబడదు. ఇక ఆన్‌లైన్‌లో వినేవారికి గోడ మీది లేజర్ చుక్క చేరే దారే లేదు. వాళ్లు చూసేది కంప్యూటర్ లోపలి బొమ్మను మాత్రమే.

చెయ్యి వణుకు కూడా లెక్కలోకి రావాలి. ఆరోగ్యవంతుల చేతిలో కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు సూక్ష్మమైన కంపనం ఉంటుంది. రిమోట్ అర డిగ్రీ ఊగినా పది మీటర్ల దూరంలో చుక్క దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు కదులుతుంది. పట్టికలోని ఒక వరుసను చూపబోతే చుక్క మూడు వరుసల మీద తాండవం చేస్తుంది. చూపవలసిన చోట స్లైడ్‌లోనే బాణం గుర్తు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఖరీదైన రిమోట్లలో ఉండే డిజిటల్ పాయింటర్ లేజర్‌కున్న ఈ రెండు లోపాలనూ తీర్చడానికి ప్రయత్నిస్తుంది. వెలుగు బయటికి రాదు. లోపల ఉన్న అతి చిన్న గైరోస్కోప్ చెయ్యి ఎటు తిరిగిందో కొలుస్తుంది. అందులో సిలికాన్‌తో చెక్కిన సూక్ష్మ ద్రవ్యరాశి నిరంతరం కంపిస్తూ ఉంటుంది. రిమోట్ తిరిగినప్పుడు, 1835లో ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియాలిస్ వివరించిన ప్రభావం వల్ల ఆ కంపనం పక్కకు మళ్లుతుంది. ఆ మళ్లింపును కొలిచి తెర మీద వెలుగు వలయాన్ని కదుపుతారు. చేతి వణుకును గణితంతో వడగట్టవచ్చు, టీవీ మీద, ఆన్‌లైన్‌లో కూడా అది కనబడుతుంది. వాడవలసిన కంప్యూటర్‌లో దాని సాఫ్ట్‌వేర్ వేసి ఉంటేనే దాని శక్తి అంతా బయటపడుతుంది. ఎప్పుడూ తన లాప్‌టాప్ మీదే, ప్రత్యక్షంగానూ ఆన్‌లైన్‌లోనూ ఒకేసారి బోధించే వైద్య, ఇంజనీరింగ్ అధ్యాపకులకు ఆ ఖర్చు సమర్థనీయమే. తక్కినవారికి కాదు.

భద్రత గురించి ఒక మాట. రిసీవర్ కీబోర్డుగా నటిస్తుంది అని చెప్పుకున్నాం. కీబోర్డు చేయగలిగినవన్నీ అది చేయగలదు. 2016లో బాస్టిల్ అనే అమెరికన్ సంస్థ పరిశోధకులు 'మౌస్‌జాక్' పేరుతో ఒక లోపాన్ని బయటపెట్టారు. సంకేతాలకు రహస్యలిపి కట్టని వైర్‌లెస్ మౌస్‌ల, కీబోర్డుల రిసీవర్లకు, దాదాపు వంద మీటర్ల దూరం నుంచి బయటివాళ్లు తమ మీటనొక్కులను పంపగలరని చూపారు. తెర మీద ఆజ్ఞలు టైపు చేసి హానికర ప్రోగ్రాములు దింపడానికి అది చాలు. స్లైడ్ రిమోట్లదీ అదే కుటుంబం. సంకేతాలకు ఎన్‌క్రిప్షన్ ఉందని తయారీదారు స్పష్టంగా చెప్పిన నమూనా దొరికితే దానికే ప్రాధాన్యం ఇవ్వాలి. ఎలా ఉన్నా, ప్రసంగం అయిపోగానే రిసీవర్‌ను ఊడదీయడం అలవాటు చేసుకోవాలి. బ్యాంకు, పరీక్షల విభాగం, ఆసుపత్రి రికార్డులు ఉన్న కంప్యూటర్లలో ఇది మరీ ముఖ్యం.

బ్యాటరీ విషయంలో పెద్దగా చర్చ అక్కర్లేదు. ట్రిపుల్ ఏ సెల్స్ వేసుకునేవి మన పరిస్థితులకు అనువైనవి. ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. లోపలే చార్జయ్యేవి తేలిక, నాజూకు. కానీ నాలుగైదేళ్లకు లిథియం బ్యాటరీ నీరసించాక రిమోట్‌ను పారేయడం తప్ప మార్గం ఉండదు. వేసవి సెలవులకు ముందు మామూలు సెల్స్‌ను తీసి విడిగా పెట్టాలి. ఆల్కలైన్ సెల్స్‌లోని పొటాషియం హైడ్రాక్సైడ్ కారితే లోహపు స్పర్శకాలను తినేస్తుంది.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని, మామూలు ఉపాధ్యాయుడికో, పరిశోధక విద్యార్థికో నేను సూచించేది ఇది: రిసీవర్ ఉన్న, 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే, మూడు నాలుగు మీటలకు మించని, ట్రిపుల్ ఏ సెల్స్ వేసుకునే రిమోట్, దానితోపాటు ఒక ఎక్స్‌టెన్షన్ తీగ. లేజర్ ఉంటే రెండో తరగతిదై ఉండాలి, లేకపోయినా నష్టం లేదు. దుకాణంలో పరీక్షించడం చాలదు. వాడబోయే హాల్లోనే, రిసీవర్ దాని అసలు చోట ఉండగా, వీపు తిప్పి, రిమోట్‌కు శరీరం అడ్డొచ్చేలా పట్టుకుని, చివరి వరుస దాకా నడుస్తూ నొక్కి చూడాలి. జనం నిండాక సంకేతం ఇంకా తగ్గుతుంది కాబట్టి ఖాళీ హాల్లో అంచున తడబడే రిమోట్‌ను తిప్పి పంపేయాలి.

చివరగా చూడవలసింది రిసీవర్‌ను దాచుకునే అర. గోరంత ఉండే ఆ రిసీవర్ తన జత రిమోట్ గొంతునే గుర్తుపడుతుంది. చాలా నమూనాల్లో మరో రిసీవర్ తెచ్చి జతచేసే వీలుండదు. అది పోడియం కంప్యూటర్‌లోనే మిగిలిపోతే రిమోట్ ఉన్నా లేనట్టే. రిమోట్ వెనక దాన్ని గట్టిగా పట్టి ఉంచే అర ఉండాలి. రిసీవర్‌ను అందులో పెట్టగానే రిమోట్ ఆరిపోయే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది. అలాంటిదైతే బ్యాటరీ మిగలడమే కాదు, రిసీవర్‌ను ఊడదీసే అలవాటు కూడా దానంతట అదే అబ్బుతుంది. విడిగా రిసీవర్ అమ్ముతారా, దాన్ని మళ్లీ జతకలపవచ్చా అన్నది డబ్బు కట్టక ముందే దుకాణదారుని అడిగి తెలుసుకోవాలి.